క్లోమం పరీక్షకు సెక్రెటిన్: పంది పేగులోంచి తీసిందా, ల్యాబులో కట్టిందా?

జవాబు ముందే చెప్పేస్తాను. ఓపిక ఉన్నవాళ్లు మిగతాది చదువుకోవచ్చు.

క్లోమం, అదే ప్యాంక్రియాస్, ఎలా పనిచేస్తోందో చూడడానికి సెక్రెటిన్ అనే హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి పరీక్ష చేయాలని డాక్టరు రాస్తే, మీరు అడగాల్సింది ల్యాబులో తయారైన మానవ సెక్రెటిన్. పంది పేగులోంచి తీసే పాత రకం తప్పుడు ఫలితం ఇచ్చేదని కాదు. రెండూ చూపించే లెక్క దాదాపు ఒకటే. తేడా అంతా మందు ఎంత శుభ్రంగా ఉంది, ప్రతి వయల్లోనూ, అంటే మందు సీసాలోనూ, బలం ఒకేలా ఉందా, అసలు దొరుకుతుందా అన్న దగ్గరే. ఇంకో మాట కూడా ఇక్కడే అనేస్తాను: మన చిత్తూరు, తిరుపతి వైపు కడుపునొప్పితో ఆస్పత్రికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి అసలు ఈ పరీక్షే అక్కర్లేదు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, డాక్టర్ని కాదు. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నా, ఉద్యోగం మొదటి ఏళ్లు వేరే రాష్ట్రంలో ఒక పెద్ద ఆస్పత్రి గ్యాస్ట్రో ల్యాబులో చేశాను. సెక్రెటిన్ పరీక్షల ద్రవం నా చేతుల మీదుగా పోయేది. అందుకే మా వీధిలో ఎవరికి క్లోమం జబ్బు అన్నా రిపోర్టు పట్టుకుని మా గుమ్మం ముందుకొస్తారు.

మొన్న వచ్చినాయన గోవిందరాజస్వామి గుడి వైపు ఉండే పెద్దాయన. వైష్ణవుల ఇల్లు, ఉల్లిపాయ కూడా గడప దాటదు. కొడుకు వేరే ఊళ్లో ఉద్యోగం. అతనికి రెండేళ్లుగా నొప్పి, వీపులోకి పొడుచుకొస్తుంది, గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతున్నాడు. అక్కడి డాక్టరు సెక్రెటిన్ ఇచ్చి ఎమ్మారై తీయాలన్నాడట. పిల్లవాడు ఫోన్లో వెతికితే పోర్సైన్ సెక్రెటిన్ అని వచ్చింది. పోర్సైన్ అంటే పంది. "తల్లీ, ఇది నిజంగానే ఆ జంతువులోంచి తీస్తారా?" అని ఆయన అడిగిన తీరులో కోపం లేదు, భయం ఉంది. పంది అన్న మాట కూడా ఆయన నోట రాలేదు.

ఆయనకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ సెక్రెటిన్ చేసే పనేమిటి

మనం తిన్నది పొట్టలో ఆమ్లంతో కలిసి పుల్లటి ద్రవంగా మారి చిన్నపేగులోకి దిగుతుంది. చింతపండు పులుసు కంటే ఎంతో ఘాటైన పులుపు అది. అలాగే వదిలేస్తే పేగు తట్టుకోలేదు. పేగు మొదటి భాగం లోపొరలో కొన్ని కణాలున్నాయి, వాటిని ఎస్ కణాలంటారు. పులుపు తగలగానే అవి రక్తంలోకి సెక్రెటిన్ వదులుతాయి. అది క్లోమానికి చేరి, "సోడా పంపు" అన్న కబురు అందిస్తుంది. క్లోమంలోని నాళాల కణాలు బైకార్బొనేట్ నిండిన నీటిని పేగులోకి వదులుతాయి. బైకార్బొనేట్ అంటే మన వంటసోడాలో ఉండేదే. పులుపు విరిగాకే మిగతా అరుగుదల సజావుగా సాగుతుంది.

పరీక్ష కిటుకంతా ఇదే. బయటినుంచి సెక్రెటిన్ ఇచ్చి క్లోమానికి గట్టిగా పిలుపు వేస్తారు. ఎంత సోడా పంపగలిగిందో కొలుస్తారు. ఎండోస్కోప్ పేగులోకి దించి, ముందు పొట్టలోని పుల్లటి ద్రవం అంతా పీల్చి పారేస్తారు. అది కలిస్తే సోడా విరిగిపోయి లెక్క తప్పుతుంది. తర్వాత ఇంజెక్షన్ ఇచ్చి 15, 30, 45, 60 నిమిషాలకు పేగులోని ద్రవం తీస్తారు. అన్నిటిలో ఎక్కువ వచ్చిన అంకె లీటరుకు 80 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకపోతే క్లోమం మందగించిందని లెక్క. ఎండోస్కోప్ అలవాటు లేని కాలంలో డ్రైలింగ్ ట్యూబ్ అని రెండు దారులున్న గొట్టాన్ని నోట్లోంచి దించి ఇదే పని చేసేవాళ్లు. పెద్దాయన కొడుక్కి రాసింది ఇంకో పద్ధతి: సెక్రెటిన్ ఇస్తే క్లోమ నాళంలో నీరు నిండుతుంది, సన్నటి నాళం కూడా ఎమ్మారైలో తేటగా కనబడుతుంది. గొట్టం మింగే బాధ లేదు.

మూడు రకాలు, రెండు కాదు

అందరూ తికమకపడేది ఇక్కడే. జంతువుదా, కృత్రిమమా అని రెండు పెట్టెలు అనుకుంటారు. నిజానికి మూడున్నాయి.

మొదటిది పంది పేగులోంచి తీసి శుద్ధి చేసింది. రెండోది పంది సెక్రెటిన్ నిర్మాణాన్నే అచ్చంగా అనుకరిస్తూ ల్యాబులో రసాయనికంగా కట్టింది. దాని పేరులో పోర్సైన్ ఉంటుంది, పంది మాత్రం ఉండదు! మూడోది మనిషి శరీరంలో ఉండే సెక్రెటిన్ నిర్మాణంతో ల్యాబులో కట్టింది. కొడుకు ఫోన్లో చదివి భయపడ్డది బహుశా రెండో రకం గురించిన పాత సమాచారం. లేబుల్ మీద ఆ మాట కనబడగానే ఏ జంతువునో కోశారని అనుకోనక్కర్లేదు. ముందు సింథటిక్ అన్న మాట ఉందా లేదా చూడాలి.

సెక్రెటిన్ అంటే 27 అమైనో ఆమ్లాలు వరుసగా గుచ్చిన చిన్న దండ. పంది దండకూ మనిషి దండకూ తేడా రెండే పూసలు, 15, 16 స్థానాల్లో. మిగతా 25 ఒకటే. అందుకే పంది సెక్రెటిన్ ఇచ్చినా మన క్లోమం దాని మాట విన్నది. మిగతా హార్మోన్లతో పోల్చుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. పంది ఇన్సులిన్‌కూ మన ఇన్సులిన్‌కూ 51లో ఒక్కటే తేడా. రక్తంలో చక్కెర పెంచే గ్లూకగాన్‌లో అయితే 29కి 29 కలుస్తాయి, పంది అయినా ఆవు అయినా మనిషి అయినా. దేవుడు పొదుపరి అని మా నాన్న అనేవాడు, కెమిస్ట్రీ మాస్టారు.

పేగు గీకిన రోజు నుంచి

ఈ హార్మోన్‌కు ఒక గౌరవం ఉంది. హార్మోన్ అని లోకం గుర్తించిన మొదటి పదార్థం ఇదే. 1902లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఒక కుక్క పేగు ముక్కకు నరాలన్నీ తెంచి, అందులో ఆమ్లం పోశారు. నరాలు లేకపోయినా క్లోమం రసం వదిలింది. వెంటనే ఆ పేగు లోపొర గీకి, ఆమ్లంతో నూరి, వడగట్టి రక్తంలోకి ఎక్కిస్తే మళ్లీ అదే జరిగింది. అంటే కబురు నరం మీద కాదు, రక్తం మీద పోతోంది. హార్మోన్ అన్న మాటను స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చాడు.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు ఈ మందు రావాలంటే పేగులు కావాలి. స్టాక్‌హోమ్ కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో ఎరిక్ జోర్పెస్, విక్టర్ ముట్ కబేళాల నుంచి వేల పందుల పేగులు తెప్పించి, ఉడికించి, వడకట్టి చిటికెడు స్వచ్ఛమైన సెక్రెటిన్ తీశారు. 1966లో మిక్లోష్ బొదాన్‌స్కీ బృందం పేగుతో పని లేకుండా మొత్తం దండను రసాయనికంగా కట్టి చూపించింది. అయినా మార్కెట్లో పంది మందే చాలాకాలం నడిచింది.

దాని బలహీనత ఏమిటో 1998లో తేలింది. ఆటిజం ఉన్న ముగ్గురు పిల్లలకు సెక్రెటిన్ ఇస్తే మాటలు మెరుగయ్యాయని ఒక నివేదిక వచ్చింది. అమెరికాలో తల్లిదండ్రులు ఎగబడ్డారు. ఎక్కడెక్కడి వయళ్లూ అయిపోయాయి, క్లోమం పరీక్షలు చేసేవాళ్లు బిక్కమొహం వేశారు. పేగులోంచి తీసే మందును రాత్రికి రాత్రి పెంచలేరు కదా. మరుసటి ఏడు 60 మంది పిల్లల మీద సింథటిక్ మానవ సెక్రెటిన్‌తో పద్ధతిగా చేసిన పరీక్షలో, ఉత్త నీళ్ల సూది కంటే అది మెరుగేమీ కాదని తేలింది. ఆటిజానికి సెక్రెటిన్ ఇస్తామని ఇవాళ ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. ఆ తల్లుల ఆశ నాకు అర్థమవుతుంది. ఆ ఆశను అమ్ముకునేవాళ్ల మీదే నా కోపం.

దాదాపు అదే కాలంలో పంది పేగు మందు తయారీ ఆగిపోయింది. అమెరికాలో సింథటిక్ పోర్సైన్ రకానికి 2002లో అనుమతి వచ్చింది, సెక్రెఫ్లో అన్న పేరుతో. మానవ రకానికి 2004లో, కైరోస్టిమ్ అన్న పేరుతో. సెక్రెఫ్లో తర్వాత మార్కెట్లోంచి తప్పుకుంది. కాబట్టి పందా, ల్యాబా అన్న ప్రశ్నకు సగం జవాబు కాలమే చెప్పేసింది. పాత పుస్తకాలు, పాత ప్రొటోకాల్ కాగితాలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటితోనే చిక్కు.

పక్కపక్కన పెడితే

ఫలితం సంగతి ముందు. ఒకే రోగులకు ఈ మూడు రకాలూ వేర్వేరు రోజుల్లో ఇచ్చి పోల్చి చూశారు. బైకార్బొనేట్ అంకెలు దగ్గరదగ్గరగా వచ్చాయి, జబ్బు ఉందా లేదా అన్న తీర్పు మారలేదు. కాబట్టి ఎప్పుడో పంది మందుతో చేసిన మీ పాత రిపోర్టు చెల్లని నోటేం కాదు. దాచుకోండి, కొత్తదానితో పోల్చుకోవచ్చు.

శుద్ధి దగ్గర పంది మందు ఓడిపోతుంది. పేగు నూరితే సెక్రెటిన్ ఒక్కటే రాదు, దాని పక్కింటి హార్మోన్లూ వస్తాయి. పాత తయారీల్లో కొలిసిస్టోకైనిన్ జాడలు కలిసి ఉండేవి. అది పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది, క్లోమం నుంచి ఎంజైములు కూడా రప్పిస్తుంది. కొలిచేది ఒకదాన్ని, తట్టి లేపింది ఇద్దర్ని అన్నట్టు ఉండేది. పైగా పరాయి ప్రోటీన్ కాబట్టి అలర్జీ అనుమానం ఎప్పుడూ వెంట ఉండేది. ల్యాబు మందుకు ఆ బెడద బాగా తక్కువ. అయినా ముందు 0.2 మైక్రోగ్రాముల చిన్న మోతాదు ఇచ్చి ఒక నిమిషం ఆగి చూసే అలవాటు మంచిదే. ముఖం వేడెక్కి ఎర్రబడడం, వికారం, కడుపులో కాస్త నొప్పి ఏ రకంతోనైనా రావచ్చు. కొద్దిసేపట్లో తగ్గుతాయి.

మోతాదు దగ్గర జాగ్రత్త కావాలి. పంది మందు బలాన్ని యూనిట్లలో చెప్పేవాళ్లు, కిలోకు 1 క్లినికల్ యూనిట్ అని. జంతువుల మీద పరీక్షించి కట్టిన లెక్క అది, బ్యాచ్‌ను బట్టి మందు తూకం మారేది. ల్యాబు మందును నేరుగా తూకంలో చెబుతారు. ఒక మైక్రోగ్రాము సుమారు 5 యూనిట్లకు సమానం, కాబట్టి కిలో బరువుకు 0.2 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి 12 మైక్రోగ్రాములు. 16 మైక్రోగ్రాముల వయల్‌ను 8 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపితే మిల్లీలీటరుకు 2 వస్తుంది, అంటే 6 మిల్లీలీటర్లు ఎక్కించాలి, ఒక నిమిషం పట్టేలా నెమ్మదిగా. ఒక వయల్ సరిపోతుంది. అదే మనిషికి గ్యాస్ట్రినోమా, అంటే గ్యాస్ట్రిన్ అనే హార్మోన్‌ను అతిగా వదిలే గడ్డ, ఉందన్న అనుమానంతో పరీక్ష చేస్తే మోతాదు రెట్టింపు, 24 మైక్రోగ్రాములు. అప్పుడు ఒక చిన్న వయల్ చాలదు, 40 మైక్రోగ్రాముల పెద్దది కావాలి. ఆ పరీక్షలో చూసేది సోడాను కాదు, రక్తంలో గ్యాస్ట్రిన్ ఎంత ఎగబాకిందో. ఈ తేడా తెలియక ఒక్కటే చిన్న వయల్ తెప్పించుకున్నవాళ్లను చూశాను. మీ బరువెంతో, ఏ పరీక్షో ముందే చెప్పి ఎన్ని వయళ్లు కావాలో రాయించుకోండి. ఇది మామూలు మెడికల్ షాపులో అడిగితే దొరికే మందు కాదు, బయటినుంచి రావాలి. సొంత వాడకానికి మనదేశంలోకి తెప్పించుకోవాలంటే డాక్టరు చీటీతో ఫారం 12ఏ నింపి అనుమతి తీసుకోవాలి. అంత తంటా పడి తెప్పించాక రెండోసారి పరుగెత్తే ఓపిక ఎవరికుంటుంది?

అందుకే నా సలహా: హార్మోన్ ఏ రకమో అడగడానికి ఒక నిమిషం చాలు. మిగతా సమయమంతా ఆ ఆస్పత్రి ఈ మందును ఎలా దాస్తుందో అడగడానికి పెట్టండి.

ఫ్రీజర్ కథ

సెక్రెటిన్ పొడిని మైనస్ 20 డిగ్రీల్లో, వెలుతురు తగలకుండా ఉంచాలి. కలిపిన వెంటనే వాడేయాలి. మే నెలలో తిరుపతి ఎండ మీకు చెప్పక్కర్లేదు. రేణిగుంట నుంచి ఊళ్లోకి వచ్చేలోపు కారు లోపలే పొయ్యిలా అవుతుంది.

నేను ముందు పనిచేసిన చోట, పేరు వద్దులెండి, ఒక వయల్ అలాగే వేసవిలో వచ్చింది. స్టోర్‌లో దాన్ని అందుకున్న అబ్బాయి కొత్తవాడు. ఇన్సులిన్ పెట్టే మామూలు ఫ్రిజ్‌లో పెట్టేశాడు. నాలుగు రోజులు అక్కడే ఉంది. పరీక్ష రోజు ఎవరూ గమనించలేదు. పైగా ఆ రోజు ద్రవం ఐసులో పెట్టకుండా ట్రేలో వదిలేశారు, నాకు ఆలస్యంగా చేరింది. బైకార్బొనేట్ 80కి చాలా కిందికి వచ్చింది. రోగికి ముప్ఫై ఏళ్లు కూడా లేవు. మీ క్లోమం పాడైందని అతనికి చెప్పేశారు. నేను రిజిస్టరు చూసి ఫ్రిజ్ సంగతి బయటపెట్టేదాకా ఇంట్లో ఏడుపులే. మందు బలం పోయిందా, ద్రవం ఆలస్యమైందా, నిజంగానే క్లోమం మందగించిందా, ఎవరూ తేల్చలేకపోయారు. నెల తర్వాత మళ్లీ గొట్టం మింగాల్సి వచ్చింది. ఈసారి 90 దాటింది. అంటే జబ్బు లేదు. ఆ రోగికి ఒక మాట చెప్పి క్షమించమని అడగాల్సింది. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

కాబట్టి ఫోన్ చేసి ఇలా అడగండి: మీరు వాడేది సింథటిక్ హ్యూమన్ సెక్రెటినేనా? మైనస్ 20 ఫ్రీజర్ ఉందా, కరెంటు పోతే బ్యాకప్ ఉందా? ద్రవం తీశాక ఎంతసేపట్లో మెషీన్ ఎక్కుతుంది? ఈ పరీక్ష నెలకు ఎన్ని చేస్తారు? చివరి ప్రశ్నకు జవాబు నసుగుతూ వస్తే ఇంకో చోట కనుక్కోండి. చిత్తూరు వాళ్లు ఎలాగూ వేలూరు సీఎంసీకి వెళ్తూనే ఉంటారు, తిరుపతిలో స్విమ్స్ ఉంది. ఎక్కడైనా గానీ, వెళ్లాక కాదు, వెళ్లక ముందు అడగండి.

మీ వైపు జాగ్రత్తలు కూడా ఉన్నాయి. రాత్రి నుంచి ఏమీ తినకూడదు. క్లోమం వాపు తీవ్రంగా ఉన్న రోజుల్లో ఈ ఇంజెక్షన్ ఇవ్వరు, అది తగ్గాకే. మనవాళ్లు కడుపునొప్పి రాగానే వేసుకునే మాత్రల్లో చాలా వాటిలో డైసైక్లోమిన్ ఉంటుంది. అలాంటి మందులు క్లోమం స్పందనను తగ్గించి, లేని జబ్బును ఉన్నట్టు చూపించగలవు. నిద్రకో నరాలకో వేసుకునే అమిట్రిప్టిలిన్ కూడా అదే కోవ. గ్యాస్ట్రిన్ పరీక్ష అయితే పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు లెక్క తప్పిస్తాయి. మీరు వాడే ప్రతి స్ట్రిప్పూ సంచిలో వేసుకెళ్లి చూపించండి. ఏది ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

అసలు సెక్రెటిన్ దాకా వెళ్లాలా?

చాలామందికి వద్దు. సీటీ స్కాన్లో క్లోమ నాళంలో రాళ్లు తెల్లగా మెరుస్తుంటే జబ్బు రుజువైనట్టే, ఇంక సోడా కొలిచి తెలుసుకునేదేముంది? దక్షిణాదిలో మద్యం ముట్టని కుర్రాళ్లలో కూడా రాళ్లతో కూడిన క్లోమం జబ్బు, దాని వెంట షుగరు, చూస్తూనే ఉంటాం. వాళ్లకు స్కానే చాలావరకు చెప్పేస్తుంది.

అరుగుదల సంగతి తెలుసుకోవాలంటే మలంలో ఎలాస్టేజ్ పరీక్ష ఉంది. ఎలాస్టేజ్ అంటే క్లోమం తయారుచేసే ఒక ఎంజైమ్. సూది లేదు, గొట్టం లేదు, హార్మోన్ లేదు, పంది లేదు. గ్రాముకు 200 మైక్రోగ్రాములకు పైన ఉంటే మంచిది, 100 లోపు అయితే క్లోమం బాగా దెబ్బతిన్నట్టు. ఈ పరీక్ష మనిషి ఎలాస్టేజ్‌ను మాత్రమే గుర్తుపడుతుంది కాబట్టి ఎంజైమ్ క్యాప్సూళ్లు వాడుతున్నా ఆపక్కర్లేదు. నీళ్ల విరేచనం శాంపిల్ మాత్రం ఇవ్వకండి, పలచబడి తప్పుగా తక్కువ చూపిస్తుంది.

మూడు రోజుల మలం మొత్తం కూడబెట్టి కొవ్వు కొలిచే పరీక్ష కూడా ఉంది. రోజుకు 100 గ్రాముల కొవ్వు తినాలి, మలంలో రోజుకు 7 గ్రాములు దాటితే తేడా ఉన్నట్టు. నూరు గ్రాముల కొవ్వంటే భయపడకండి, మనది శనక్కాయల సీమ. వేరుశనగ గింజల బరువులో దాదాపు సగం నూనే. చట్నీలోనూ ఉండలోనూ సగం లెక్క అక్కడే తేలిపోతుంది. డబ్బా మోసుకొచ్చే బాధ మాత్రం రోగిదీ, తెరిచే బాధ మాదీ.

మరి సెక్రెటిన్ ఎందుకు? ఎలాస్టేజ్, మలంలో కొవ్వు ఆలస్యంగా పలికేవి. క్లోమం ఎంజైముల ఉత్పత్తి పదో వంతు కంటే తక్కువకు పడిపోతే గానీ విరేచనంలో జిడ్డు కనబడదు. నొప్పి ఉంది, స్కాన్ మామూలుగా ఉంది, ఎలాస్టేజ్ బాగానే ఉంది, అయినా డాక్టరుకు అనుమానం తీరలేదు. అలాంటి మొదటి దశలో సెక్రెటిన్ పనికొస్తుంది. ఆ కొద్దిమందిలో మీరు ఉంటేనే ఖర్చుకూ శ్రమకూ అర్థం.

మిగతా హార్మోన్లు, క్లుప్తంగా

ఎంజైములు కొలవాలంటే సెక్రెటిన్ బదులు కొలిసిస్టోకైనిన్ వైపు వెళ్తారు. అదీ మొదట్లో పంది పేగుదే. ఇప్పుడు దాని చివరి ఎనిమిది అమైనో ఆమ్లాల ముక్కను ల్యాబులో చేసి సింకలైడ్ అని అమ్ముతున్నారు. అదే పని చేసే సెరూలిన్‌ను ఇటలీకి చెందిన ఎర్స్‌పామెర్ ఆస్ట్రేలియా చెట్టు కప్ప చర్మంలో కనుక్కున్నాడు. కప్పను కూడా వదల్లేదు మనిషి! ఇక్కడా ఎంపిక తేలికే, ల్యాబుదే తీసుకోండి.

షుగరు వైపు క్లోమాన్ని చూడాలంటే 1 మిల్లీగ్రాము గ్లూకగాన్ ఇచ్చి ఆరు నిమిషాలకు సీ పెప్టైడ్, అంటే ఇన్సులిన్‌తో పాటే క్లోమం వదిలే ముక్క, కొలుస్తారు. గ్లూకగాన్ ఒకప్పుడు పంది, ఆవు క్లోమాల నుంచి వచ్చేది. ఇప్పుడు ల్యాబుదే వాడుతున్నారు. పైన చెప్పినట్టు నిర్మాణం అక్షరం తేడా లేకుండా ఒకటే. ఇక్కడ పట్టింపు ఉంటే అది మనసుది మాత్రమే, శరీరానికి తేడా తెలియదు. మనసు పట్టింపు చిన్నదని నేను అనను.

పంది ప్రశ్న నిజంగా ఎదురయ్యేది ఎక్కడ

సెక్రెటిన్ జీవితంలో ఒకసారో రెండుసార్లో. దానికి ల్యాబు మందు ఉంది, గొడవ లేదు. క్లోమం చెడిందని తేలాక రోజూ మింగాల్సిన ఎంజైమ్ క్యాప్సూళ్ల గురించి ఎవరూ ముందుగా చెప్పరు. స్ట్రిప్ మీద ప్యాంక్రియాటిన్ అని రాసి ఉంటుంది. అది పంది క్లోమం నుంచి తీసిందే. ఆహార ప్యాకెట్ల మీద కనబడే ఆకుపచ్చ చుక్క కోసం మందుల స్ట్రిప్ మీద వెతక్కండి.

శాకాహార ఎంజైములు అని సిరప్‌లు, మాత్రలు అమ్ముతారు. ఫంగల్ డయాస్టేజ్, బొప్పాయి నుంచి తీసే పపైన్ ఉంటాయి. పెళ్లి భోజనం అరగనప్పుడు సరే. క్లోమం నిజంగా దెబ్బతిన్నవాడికి కావాల్సింది కొవ్వును విరిచే లైపేజ్, అదీ భోజనానికి పాతికవేలు, నలభైవేల యూనిట్లు. ఆ సిరప్‌లు ఆ పని చేయలేవు. కిలోలు కిలోలు తగ్గిపోయి, కళ్లు గుంతలు పడినవాడు శాకాహార సిరప్ తాగుతూ కూర్చుంటే నాకు బాధేస్తుంది. ముస్లిం కుటుంబాలు కూడా ఇదే అడుగుతాయి. నేను ఎవరికీ ధర్మం చెప్పను. పలమనేరు నుంచి వచ్చిన ఒకామె వాళ్ల మసీదు పెద్దను అడిగి వచ్చి, ప్రాణం నిలబెట్టే మందుకు ఇంకో దారి లేనప్పుడు వాడుకోవచ్చన్నారని చెప్పి స్ట్రిప్ తీసుకెళ్లింది. మీ ఇంటి పెద్దల్ని, మీ గురువుల్ని అడగండి, కానీ జబ్బు ముదరక ముందే అడగండి.

పెద్దాయన కొడుక్కి ఆ ఆస్పత్రిలో వాడింది సింథటిక్ హ్యూమన్ రకమే. ఫోన్ చేసి కనుక్కున్నారు. ఆయన ఆ రోజు మా ఇంటికి లడ్డూ ప్రసాదం తెచ్చారు. ఎమ్మారైలో నాళం ఒకచోట సన్నబడి కనబడింది, ఎలాస్టేజ్ 100 లోపు వచ్చింది. రెండు వారాలకు కొడుకు ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రమే ఆయన చేతిలో క్యాప్సూళ్ల స్ట్రిప్‌తో మా గుమ్మంలో నిలబడ్డారు. దీని సంగతీ చెప్పమన్నారు. దాచకుండా చెప్పాను. పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వీధిలో ఎవరో మోటార్ సైకిల్ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు. స్ట్రిప్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, ఉత్తరీయం అంచులో చుట్టుకుని లేచారు.

"మరి ఇది అన్నం ముందు ఇవ్వాలా తల్లీ, తర్వాతా?"

"మొదటి ముద్దతో ఒకటి స్వామీ. రెండోది ఉంటే భోజనం మధ్యలో."